ఆరోగ్య దీపిక: కంటి పొరలో చిక్కబడిన రక్తం

గత సంచికలో మధుమేహం మూలంగా కంటికి కలిగే హానిని గురించి మేము రాసిన వ్యాసాన్ని చదివి, మన సంస్థలో పదవీ విరమణ చేసిన పెద్దలొకరు మా గదికి వచ్చారు. కుర్చీలో కూర్చుంటూనే, "మీరు రాసినదాంట్లో తప్పేమీ లేదండీ. కాని నా కంట్లో రక్తపు మరకలు కనిపించినప్పుడు అందరూ షుగరేనన్నారు. అది షుగరు కాదు. ఆ సంగతి కూడా రాయాలి" అన్నారు. ఆయన చెప్పినదంతా రెండు గంటల సేపు విన్నాము. చేతిసంచిలోని కాగితాలన్నీ చూశాము. మన వైద్య విభాగంలోని డాక్టర్లతోనూ మాట్లాడాము. పేరు వేయవద్దన్న ఆయన కోరికను మన్నిస్తూ, ఈ నెల శీర్షికను ఆయన కంటికే కేటాయిస్తున్నాము.

వారు ముప్పై ఏళ్లకు పైగా లూబ్రికేషన్ విభాగంలో పనిచేశారు. ఏ యంత్రానికి ఏ నూనె పోయాలో, ఏ నూనె ఎంత చిక్కగా ఉండాలో కంఠతా వచ్చిన మనిషి. 2022 వేసవిలో, సాయంకాలం పత్రిక చదువుతూ ఉంటే అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపించడం మొదలైంది. కళ్లజోడు మార్పించారు. మూడు నెలలకు మళ్లీ మార్పించారు. ఈలోగా పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. రెండు మూడు పర్యాయాలు ఉదయాన్నే ముక్కు నుంచీ వచ్చింది. తలనొప్పి, నడుస్తూ ఉంటే కొంచెం తూలు, మెట్లెక్కితే ఆయాసం. వీటిలో ప్రతిదానికీ ఇంట్లో ఒక కారణం సిద్ధంగా ఉన్నది. చూపు మందగించడానికి వయస్సు, చిగుళ్లకు గట్టి బ్రష్షు, ముక్కుకు ఎండాకాలం, నీరసానికి పన్నెండేళ్లుగా ఉన్న షుగరు. వీటన్నిటినీ ఒకే దారానికి గుచ్చవచ్చునన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మాకు మాత్రం వచ్చి ఉండేదా అంటే, రాదనే ఒప్పుకోవాలి.

నీరసం కోసం చేయించిన పరీక్షలో హిమోగ్లోబిన్ ఏడని తేలింది. ఒక నర్సింగ్ హోమ్‌లో రెండు సీసాల రక్తం ఎక్కించుకొమ్మని సలహా ఇచ్చారు. సోమవారం చేరవలసి ఉండగా, శుక్రవారం నాడు కుమార్తె పట్టుబట్టి ఆయనను కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆ మూడు రోజుల తేడాయే ఈ కథకు ఆయువుపట్టు. అది ఎందుకో కొంచెం ముందుకు వెళ్లాక చెబుతాము.

కంటి డాక్టరు చుక్కల మందు వేసి, అరగంట కూర్చోబెట్టి, తలకు దీపం తగిలించుకుని, చేత్తో కటకం పట్టుకుని రెండు కళ్లూ అంచుల దాకా చూశారు. చూశాక అడిగిన మొదటి ప్రశ్న కంటిని గురించి కాదు. "పళ్లు తోముకునేటప్పుడు రక్తం వస్తుందా?" అన్నారట. తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎదురుగా నిల్చున్న మనిషి నోటి సంగతి, కంటి లోపల చూస్తూ ఎలా తెలిసింది?

శరీరంలో రక్తనాళాలను, కోత పెట్టకుండా, కెమెరా గొట్టం దింపకుండా, నేరుగా కంటితో చూడగలిగిన ముఖ్యమైన చోటు ఒకటి ఉన్నది. అది కంటి లోపలి వెనుక గోడకు అంటుకుని ఉండే నేత్రపటలం. వాడుకలో రెటీనా అంటున్నాము. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లో నేత్రదర్శినిని లోకానికి ప్రకటించే దాకా, బతికి ఉన్న మనిషి రెటీనాను డాక్టర్లు సరిగా చూడలేకపోయారు. తలకు తగిలించుకుని రెండు కళ్లతోనూ చూసే పరికరం 1940ల్లో చార్లెస్ షెపెన్స్ చేతిలో రూపుదిద్దుకున్నాక, రెటీనా అంచులు కూడా చూపుకు అందాయి. అంటే కంటి డాక్టరు చూసేది కంటిని మాత్రమే కాదు. ఒంట్లో ప్రవహించే రక్తాన్నీ, దాని గొట్టాలనూ చూస్తున్నారు.

మామూలు రెటీనాలో ధమని వెడల్పు రెండు పాళ్లయితే సిర వెడల్పు మూడు పాళ్లు ఉంటుంది. మన పెద్దమనిషి కంటిలో సిరలు అంతకు మించి ఉబ్బి, వానాకాలపు వాగులాగా మెలికలు తిరిగి ఉన్నాయి. అంతకన్నా విచిత్రం, సిర మీదుగా ధమని దాటే ప్రతిచోటా సిర నొక్కుకుపోయి, దానికి అటూ ఇటూ ఉబ్బి ఉన్నది. పొడవాటి బుడగకు నడుమ నడుమ దారం బిగించి కడితే ఎలా ఉంటుందో అలాగ. దాటే చోట ధమనీ సిరా ఒకే పొరలో ఇరుక్కుని ఉంటాయి కనుక అక్కడ సిరకు సాగే వీలు లేదు. మిగతా చోట్ల ఉంది కాబట్టి సాగుతుంది. వీటికి తోడు రెటీనా అంచుల్లో చిన్న చిన్న రక్తపు చుక్కలు, మధ్యభాగానికి దగ్గరగా కొన్ని పెద్ద మరకలు. ఇదంతా ఒక కంటిలో కాదు, రెండింటిలోనూ ఇంచుమించు ఒకే తీరుగా.

ఆ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. రెటీనా సిర మూసుకుపోవడం అనేది రక్తపోటు ఉన్న పెద్దవారిలో అరుదు కాదు. కాని అది సాధారణంగా ఒక కంటికి వస్తుంది. రెండు కళ్లలోనూ సిరలన్నీ ఒకేసారి ఉబ్బాయంటే, లోపం గొట్టంలో కాక, గొట్టంలో పారే ద్రవంలోనే ఉన్నదేమోనని అనుమానించాలి. మన ఆసామికి ఈ మాట చెప్పగానే, "అంటే నూనె చిక్కబడిందన్నమాట" అన్నారట. డాక్టరు నవ్వి, సరిగ్గా అదేనన్నారట. ఆయనకు బోధపడినంత త్వరగా మాకు బోధపడలేదు.

వ్యాధి పేరు వాల్డెన్‌స్ట్రామ్ మాక్రోగ్లోబ్యులినీమియా. పేరు పొడవే గాని వ్యాధి బహు అరుదు. అమెరికా లెక్కల ప్రకారం ఏటా పది లక్షల మందిలో సుమారు ముగ్గురికి కొత్తగా వస్తుంది. ఎక్కువగా అరవై దాటిన వారికి, స్త్రీల కంటే పురుషులకు ఎక్కువ. స్వీడన్ దేశంలో ఉప్సలా నగరపు వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రామ్ 1944లో ఇద్దరు రోగులను గురించి రాశారు. ఇద్దరికీ ముక్కు నుంచీ నోటి నుంచీ రక్తం కారడం, రక్తహీనత, గ్రంథుల వాపు. సీరం మాత్రం విపరీతమైన జిగట. అదే ఊళ్లో స్వెడ్‌బెర్గ్ అనే నోబెల్ బహుమతి గ్రహీత నిర్మించిన అతివేగ సెంట్రిఫ్యూజ్ ఉండడం ఆయన అదృష్టం. అందులో పెట్టి తిప్పి చూస్తే, ఆ జిగటకు కారణం సుమారు పది లక్షల అణుభారం గల ఒక మహా ప్రోటీను అని తేలింది. ఊరు వేరైతే ఆ ఇద్దరు రోగుల కథ ఎలా ముగిసేదో!

ఆ ప్రోటీనునే ఈనాడు ఐజిఎం అంటున్నాము. ఇది శత్రువు కాదు. రోగక్రిములు చొరబడినప్పుడు శరీరం మొట్టమొదట తయారు చేసే రక్షక కణిక ఇదే. మిగిలిన రక్షక ప్రోటీనుల్లో ఎక్కువ భాగం ఒంటరిగా తిరుగుతుంటే, ఐజిఎం మాత్రం ఐదు ముక్కలు నక్షత్రాకారంలో కలిసి ఉంటుంది. అందువల్ల అంత బరువు. ఎముక మూలుగలోని ఒకానొక తెగ లింఫోసైట్లు అదుపు తప్పి పెరిగి, ఒకే రకపు ఐజిఎంను ఆపకుండా తయారు చేయడమే ఈ క్యాన్సరు. ఆరోగ్యవంతుల్లో ఇది డెసిలీటరు సీరంలో సుమారు 40 నుంచి 230 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. మన పెద్దమనిషి రిపోర్టులో 6,800 అని ఉన్నది.

నీటి స్నిగ్ధతను ఒకటిగా తీసుకుంటే మామూలు సీరం స్నిగ్ధత 1.4 నుంచి 1.8 దాకా ఉంటుంది. అది నాలుగు దాటినప్పుడు చాలామందికి బాధలు మొదలవుతాయి. కంటి అంచుల్లో మార్పులు అంతకు ముందే రావచ్చు, రోగికి చూపులో ఏ తేడా తెలియకుండానే. ఐజిఎం పెరిగే కొద్దీ స్నిగ్ధత నింపాదిగా పెరగదు. కొంతదూరం మెల్లగా వెళ్లి, అక్కడి నుంచి ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. ఇంట్లో బెల్లం పాకం పట్టే ఆడవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. తీగపాకానికీ ముదురుపాకానికీ మధ్య పొయ్యి మీద ఎంతసేపు ఉంటుంది గనుక!

అదే ప్రోటీను రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలనూ అంశాలనూ చుట్టుకుని, వాటి పని చేయనివ్వదు. చిక్కని రక్తమే మళ్లీ చిగుళ్ల నుంచి కారడంలో ఉన్న వైచిత్రి ఇదే. కంటి డాక్టరు అడిగిన ప్రశ్నకు మూలం కూడా ఇదే.

మధుమేహానికీ దీనికీ కంటిలో భేదం ఉన్నది. మధుమేహంలో సూదిమొన లాంటి ఎర్రని బుడిపెలు, పసుపుపచ్చని కొవ్వు మచ్చలు ఎక్కువగా రెటీనా మధ్యభాగంలో కనిపిస్తాయి. రక్తం చిక్కబడినప్పుడు తొలి చుక్కలు దూరపు అంచుల్లో వస్తాయి. చుక్కల మందు వేయకుండా, చిన్న పాప గుండా తొంగి చూస్తే మధ్యభాగం కనిపిస్తుంది గాని అంచులు కనిపించవు. కళ్లజోడు దుకాణంలో రెండు పర్యాయాలు అద్దాల పవరు మాత్రమే చూశారు. వారిని తప్పు పట్టలేము. అక్కడ జరిగేది అద్దాల పరీక్ష, రెటీనా పరీక్ష కాదు. షుగరు ఉన్న మనిషికి ఈ రెండో వ్యాధి కూడా ఉంటే గుర్తించడం మరీ కష్టం. కంటిలో రక్తం కనిపించగానే ముందున్న పేరే నోటికి వస్తుంది.

ఇక ఆ సోమవారం సంగతి. రక్తం తక్కువగా ఉన్నదని ఎక్కించడం సహజమైన ఆలోచనే. కాని చిక్కబడిన ప్లాస్మాలోకి ఎర్రకణాలను కూడా చేరిస్తే మొత్తం రక్తం ఇంకా చిక్కబడుతుంది. ఒక విధంగా చూస్తే, అప్పటి దాకా కణాలు తక్కువగా ఉండడమే ఆయన సిరలను కాపాడుతూ వచ్చింది. ఇలాంటి రోగికి ముందు ప్లాస్మాను పలుచన చేసి, ఆ తరువాతే, నిజంగా అవసరమైతే, రక్తం ఎక్కించాలి. లేకపోతే చూపుకే కాదు, మెదడుకూ గుండెకూ ముప్పు. కంటి డాక్టరు చీటీ మీద పెద్ద అక్షరాలతో, రక్తవ్యాధి నిపుణులు చూసే దాకా రక్తం ఎక్కించవద్దని రాశారు. ఆ చీటీని మేము చూశాము. ఆయన దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి దాచుకున్నారు.

స్నిగ్ధతను కొలిచే పరీక్ష అన్ని ఊళ్లలోనూ దొరకదు. దొరికినా ఫలితం రావడానికి సమయం పడుతుంది. రెటీనాలో గుర్తులు స్పష్టంగా ఉండి, రోగికి బాధలూ ఉన్నప్పుడు, ఆ అంకె కోసం ఎదురుచూడకుండా చికిత్స మొదలుపెట్టడమే నిపుణుల పద్ధతి. కన్నే ఇక్కడ కొలబద్ద.

చికిత్స మాత్రం కంటికి కాదు, చేతికి. ప్లాస్మా మార్పిడి యంత్రం ఒక సిర నుంచి రక్తాన్ని తీసుకుని, గిర్రున తిప్పి, కణాలనూ ప్లాస్మానూ వేరు చేస్తుంది. జిగట ప్లాస్మాను పక్కన పెట్టి, దాని బదులు ఆల్బుమిన్ ద్రవాన్ని కలిపి, కణాలను తిరిగి ఒంట్లోకి పంపుతుంది. రెండు మూడు గంటల పని. ఐజిఎం తన బరువు వల్ల చాలావరకు రక్తనాళాల్లోనే ఉండిపోతుంది కనుక ఒక్క విడతలోనే మూడో వంతు నుంచి సగం దాకా తీసివేయవచ్చు. అంకె సగమయ్యేసరికి, ముందు చెప్పిన నిటారు గీత కారణంగా, స్నిగ్ధత బాగా దిగివస్తుంది. ఈ వ్యాధికి ఈ పద్ధతిని 1960 నాటికే అమెరికా వైద్యులు వాడి చూపారు. అప్పట్లో యంత్రం లేదు. సంచి రక్తం తీయడం, తిప్పడం, కణాలను తిరిగి ఎక్కించడం, అంతా చేతిమీదుగానే. 2008లో బోస్టన్ వైద్యులు ప్లాస్మా మార్పిడికి ముందూ తరువాతా రెటీనా సిరలను కొలిచి, ఉబ్బు తగ్గడాన్ని అంకెలతో నిరూపించారు.

మన పెద్దమనిషికి రెండు విడతలు చేశారు. మొదటి విడత అయిన మరునాడే తలనొప్పి పోయిందని, వారం తిరగకుండా చిగుళ్ల రక్తం ఆగిందని చెప్పారు. యంత్రం పక్కన వేలాడే సంచిలోకి వచ్చిన తన ప్లాస్మాను చూసి, ఇది గేరు నూనె గ్రేడు అని నర్సుతో పరిహాసమాడారట.

అయితే ప్లాస్మా మార్పిడి ఉన్న జిగటను తీసివేస్తుందే గాని, తయారయ్యే చోటును ముట్టుకోదు. మూలుగలోని కణాలు యథాప్రకారం పని చేస్తూ ఉంటే కొన్ని వారాల్లో మళ్లీ మొదటికి వస్తుంది. అందుకు మందులు కావాలి. రిటుక్సిమాబ్, బెండముస్టిన్ వంటివి చాలాకాలంగా వాడుతున్నారు. ఇక్కడా ఒక మెలిక ఉన్నది. రిటుక్సిమాబ్ మొదలుపెట్టిన తొలి వారాల్లో చాలామందిలో ఐజిఎం తగ్గడానికి బదులు తాత్కాలికంగా పెరుగుతుంది. అప్పటికే అంచు మీద ఉన్న కంటికి ఆ పెరుగుదల చాలు. ఐజిఎం బాగా ఎక్కువగా ఉన్నవారికి ముందుగా ప్లాస్మా మార్పిడి చేయడమో, ఆ మందును మొదటి విడతల్లో ఆపి ఉంచడమో చేస్తారు. ఈయనకు రెండు జాగ్రత్తలూ తీసుకున్నారు. 2012లో ఈ రోగుల్లో నూటికి తొంభై మందికి పైగా ఒకే జన్యువులో, ఎమ్‌వైడి88 అనే దానిలో, ఒకే మార్పు ఉన్నదని అమెరికాలో కనుగొన్నారు. ఆ దారిన వచ్చిన మాత్రల్లో ఇబ్రుటినిబ్‌కు 2015లో అక్కడ అనుమతి లభించింది. వ్యాధి సమూలంగా పోతుందని ఎవరూ చెప్పరు. ఏళ్ల తరబడి అణచి ఉంచవచ్చునంటారు.

కంటి సంగతికి వస్తే, ఉబ్బిన సిరలూ రక్తపు మరకలూ రక్తం పలుచబడగానే చాలావరకు సర్దుకుంటాయి. మొండిది మరొకటి ఉన్నది. కొందరిలో చూపుకు కేంద్రమైన మాక్యులా కింద ప్రోటీను నీరు చేరి, ఆ పొర పైకి లేస్తుంది. మధుమేహంలో మాక్యులా వాపుకు కంటిలోకి ఇచ్చే సూదిమందు దీనికి అంతగా పనిచేయదు. నాళంలో రంగు ఎక్కించి ఫోటో తీసినా కారుతున్న చోటేదీ కనిపించకపోవడం దీని లక్షణం. రక్తంలో ఐజిఎంను తగ్గించుకుని, నెలల తరబడి ఓపిక పట్టడమే మార్గం. మన పెద్దమనిషికి కుడి కన్ను పూర్తిగా తేరుకుంది. ఎడమ కంటిలో ఆ నీరు ఇంకడానికి దాదాపు ఏడాది పట్టింది. ఇప్పటికీ ఆ కంటితో తలుపు చట్రాన్ని చూస్తే కొంచెం వంగినట్లు కనిపిస్తుందట.

ఇంత అరుదైన వ్యాధి గురించి ఇన్ని పుటలు ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. మన ఉద్యోగులకు ఏటా జరిగే వైద్య పరీక్షలో చుక్కల మందు వద్దనేవారే ఎక్కువని మన వైద్య విభాగం వారు వాపోతున్నారు. ఆ పూట స్కూటరు నడపలేము, కాగితాలు చదవలేము, సెలవు దండగ అని. ఆ ఇబ్బంది నిజమే. దానికి మా దగ్గర వేరే ఉపాయం లేదు. ఎవరినైనా తోడు తెచ్చుకోవలసిందే, నల్లద్దాలు పెట్టుకోవలసిందే. కాని మందు వేయని పరీక్షలో అంచులు మిగిలిపోతాయని పైన చూశాము. షుగరు, రక్తపోటు ఉన్నవారికి ఆ అంచుల అవసరం ఇంకా ఎక్కువ.

ఇంకొక కాగితం కూడా ఉన్నది. రక్త పరీక్షల రిపోర్టులో షుగరూ కొలెస్టరాలూ చూసుకుని మడిచి పెట్టేస్తాము. దాని అడుగున మొత్తం ప్రోటీను, ఆల్బుమిన్, గ్లోబ్యులిన్, ఎ/జి నిష్పత్తి అని కొన్ని గీతలు ఉంటాయి. మన పెద్దమనిషి పాత రిపోర్టులు వరుసగా పేర్చి చూస్తే, చూపు మందగించడానికి రెండేళ్ల ముందు నుంచే గ్లోబ్యులిన్ పెరుగుతూ, నిష్పత్తి ఒకటి కన్నా కిందికి దిగుతూ వచ్చింది. ఎవరూ గమనించలేదు. ఆయన తరువాత గమనించి, ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టి మాకు చూపించారు. గ్లోబ్యులిన్ పెరగడానికి కాలేయ వ్యాధులు, దీర్ఘకాలిక అంటువ్యాధులు వంటి మామూలు కారణాలే ఎక్కువ. ఆ అంకె చూసి ఎవరూ బెదిరిపోనక్కరలేదు. డాక్టరుకు చూపించి, సీరం ప్రోటీను ఎలెక్ట్రోఫోరెసిస్ అవసరమా అని అడగవచ్చు. ఈ పరీక్షలో మామూలు ప్రోటీనులు మెల్లని గుట్టల్లా కనిపిస్తే, ఒకే రకం ప్రోటీను గోపురపు శిఖరంలా పొడుచుకుని నిలబడుతుంది.

ఆయన ఇప్పుడు ఆరునెలలకొకసారి రక్త నిపుణుల వద్దకూ కంటి ఆసుపత్రికీ వెళుతున్నారు. చుక్కల మందు వేసిన రోజున భార్య ఆటో పిలుచుకుని వస్తారు. మా గది నుంచి లేస్తూ, ఆ సంచిలో నుంచి పాత నూనెల పట్టిక ఒకటి తీసి మా చేతిలో పెట్టారు. విభాగంలో కొత్తగా చేరిన పిల్లలకు పనికి వస్తుందేమో ఇవ్వమన్నారు. ఇచ్చాము.